ఎత్తైన భవనం నడుమ ఏముంది?



ఫ్లాటు కొనడానికి వెళ్ళినవాళ్ళు ఏమేం చూస్తారో మనందరికీ తెలుసు. హాలు ఎంతుంది, వంటిల్లు ఏ మూలకు వచ్చింది, పూజగదికి చోటుందా, బాల్కనీలో నిలబడితే ఏం కనిపిస్తుంది, బీరువా ఏ గోడకు పెట్టుకోవాలి. హైదరాబాద్ కోకాపేటలో అయినా, మా వెంగళరావు నగర్‌లో అయినా ఈ ప్రశ్నలు ఇవే. ఇన్ని చూసి అడ్వాన్సు ఇచ్చి వచ్చేవాళ్ళలో, లిఫ్టు దిగాక నాలుగడుగులు పక్కకు వేసి, మెట్ల తలుపు తీసి చూసేవాళ్ళు చాలా అరుదు. ఆ తలుపు వెనక ఉన్నదాని గురించే ఇవాళ మీతో మాట్లాడదామని వచ్చాను.

నిర్మాణ రంగంలో దాన్ని సర్వీస్ కోర్ అంటారు. సైటులో మేస్త్రీ నుంచి ఇంజినీరు దాకా అందరి నోటా వినిపించే మాట మాత్రం ఒట్టి ‘కోర్’. లిఫ్టులు, మెట్లు, వాటి ముందుండే లాబీ, నీళ్ళ పైపులూ కరెంటు కేబుళ్ళూ కింది నుంచి పైదాకా వెళ్ళే డక్టులు, మంటలార్పే నీటి గొట్టాలు, ఆఫీసు భవనమైతే టాయిలెట్లు కూడా, ఇవన్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ దళసరి కాంక్రీటు గోడలు కడితే అదే కోర్. గదిని ఒక అంతస్తులో ఇటు జరపొచ్చు, పై అంతస్తులో అటు జరపొచ్చు. లిఫ్టును జరపలేం. నిలువుగా వెళ్ళేదేదైనా ప్రతి అంతస్తులోనూ అదే చోట ఉండి తీరాలి. అందుకే ఎత్తైన భవనం డిజైను మొదలయ్యేది కోర్ దగ్గర. అది ఎక్కడుంటుందో తేలాకే ఇల్లు ఎలా ఉండాలన్న మాట వస్తుంది.

అసలు మనుషులు అంత ఎత్తున కాపురం ఉండడమే లిఫ్టు వల్ల సాధ్యమైంది. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అనే ఆయన ఎత్తులో వేలాడుతున్న బల్ల మీద తాను నిలబడి, దాని తాడును అందరి ముందూ తెగగొట్టించాడు. తాడు తెగినా బల్ల పడిపోలేదు. ఆయన కనిపెట్టిన ఆపే పరికరం దాన్ని పట్టి నిలిపింది. 1857లో అదే నగరంలో బ్రాడ్‌వే మీద ఒక దుకాణ భవనంలో మనుషులెక్కే లిఫ్టు పెట్టారు. అప్పటిదాకా పై అంతస్తులంటే మెట్లెక్కలేక ఎవరికీ అక్కరలేని చోటు. లిఫ్టు వచ్చాక ఎంత పైకి వెళితే అంత ధర.

లిఫ్టు వచ్చింది కాబట్టి దాని చుట్టూ గోడలు వచ్చాయి. ఆ గోడలే భవనాన్ని నిలబెట్టే పని కూడా చేస్తాయని ఇంజినీర్లు గ్రహించారు. ఒక పోస్టుకార్డును నిటారుగా నిలబెట్టండి, పడిపోతుంది. దాన్నే గొట్టంలా చుట్టి నిలబెట్టండి, నిలబడుతుంది. కార్డు అదే, మందం అదే. నాలుగు గోడలు మూలల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పెట్టెలా మారితే వచ్చే బలం విడివిడి గోడలకు రాదు. ఎత్తైన భవనానికి తన బరువు ఒక్కటే సమస్య కాదు. పక్కనుంచి తోసే గాలి అసలు పరీక్ష. మన దేశపు గాలి ప్రమాణాల్లో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు లెక్కకు తీసుకుంటారు. అంటే గంటకు 158 కిలోమీటర్లు, 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాసులకు ఈ అంకెలు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తోపును తట్టుకుని భవనం వంగిపోకుండా, పై అంతస్తులో మనకు కళ్ళు తిరగకుండా కాపాడేదాంట్లో పెద్ద వాటా కోర్‌దే.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ ముంబైలోని కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్. 28 అంతస్తుల ఆ భవనం 1983లో పూర్తయింది. మూలమూలనా రెండంతస్తుల ఎత్తు వరండాలు తెరిచి, ఇంత ఖాళీ వదిలితే ఇది ఎలా నిలబడిందబ్బా అనిపిస్తుంది చూస్తే. నడుమనున్న లిఫ్టుల కోర్ గాలి తోపునూ భూకంపపు కుదుపునూ మోస్తోంది కాబట్టి అంచుల్లో అంత స్వేచ్ఛ దొరికింది. దాన్ని డిజైను చేసిన చార్లెస్ కొరియా పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1930లో. ఇక దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా సంగతి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ నిర్మాణ పనులకు వెళ్ళిన ఎన్నో కుటుంబాలకు ఆ పేరు ఇంటి పేరంత దగ్గర. 828 మీటర్ల ఆ భవనానికి నడుమ ఆరు పలకల కోర్ ఉంది. దాన్ని మూడు వైపుల నుంచి మూడు రెక్కలు ఒత్తి పట్టుకుంటాయి. ఒక రెక్క మీద గాలి కొడితే మిగతా రెండూ కోర్‌కు దన్నుగా నిలుస్తాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన భవనం కిటుకు ఇదే.

సరే, బలం సంగతి ఇంజినీర్లు చూసుకుంటారు. మన ప్రాణానికి సంబంధించింది మరొకటి ఉంది. దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను.

కోర్‌లో ఉన్నవన్నీ నిలువు దారులు. మనిషి పైకి పోయే దారి, నీళ్ళు పోయే దారి, కరెంటు పోయే దారి. నిప్పంటుకున్నప్పుడు ఇవే దారులు పొగకూ దొరుకుతాయి. వేడెక్కిన పొగ పైకే పోతుంది, దానికి తెరిచి ఉన్న ప్రతి సందూ దారే. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింది భాగంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ పైకి ఎగబాకి, పైన గదుల్లో దిగినవాళ్ళలో ఎనిమిది మంది చనిపోయారు. నిప్పు వాళ్ళ గదుల దాకా రానక్కర్లేకపోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి 2023 మార్చి 16న సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పొగకు ఊపిరాడక పోయారు. బతుకుతెరువు కోసం జిల్లాల నుంచి వచ్చిన పాతికేళ్ళ లోపు పిల్లలు వాళ్ళు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందినవాళ్ళు 17 మంది పోయారు. అది ఎత్తైన భవనమేమీ కాదు, రెండంతస్తుల పాత ఇల్లు. ఇరుకు నడవా, ఒకే మెట్ల దారి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. కరెంటు తీగ ఎక్కడో కాలుతుంది, సరుకు ఎక్కడో అంటుకుంటుంది. ప్రాణాలు మాత్రం మెట్ల దగ్గర పోతాయి.

అందుకే జాతీయ భవన నిర్మాణ నియమావళి మెట్ల గురించి అంత పట్టుబడుతుంది. ఎత్తైన భవనానికి కనీసం రెండు మెట్ల దారులు ఉండాలి, అవి ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మెట్ల గదికి రెండు గంటలపాటు నిప్పును ఆపగల తలుపు ఉండాలి, ఆ తలుపు దానంతట అదే మూసుకోవాలి. లోపలికి ఫ్యాను గాలిని ఊది, బయటికంటే లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువ ఉండేలా చూడాలి. ఈ ఒత్తిడి 50 పాస్కల్స్. మన చర్మానికి తెలియనంత స్వల్పం. అయినా పొగను గడప అవతల నిలబెట్టడానికి అది చాలు, తలుపు మూసి ఉంటే.

తలుపు మూసి ఉంటే అన్నాను. ఇప్పుడు మీ దగ్గర్లోని ఏ పెద్ద అపార్ట్‌మెంటుకైనా వెళ్ళి చూడండి. మెట్ల గది తలుపు కింద ఒక ఇటుక ఉంటుంది. ఇటుక లేకపోతే పూలకుండీ, అదీ లేకపోతే మడిచిపెట్టిన అట్టముక్క. తలుపు దభీమని పడుతోందని ఒకరు, చేతిలో బకెట్టుతో తోసుకుని రావడం కష్టమని ఇంకొకరు, గాలాడడం లేదని మరొకరు దాన్ని తెరిచి పెడతారు. వేల రూపాయలు పోసి బిగించిన తలుపు, లక్షలు పోసి పెట్టిన ఫ్యాను, వీటన్నిటినీ ఆ ఒక్క ఇటుక పనికిరాకుండా చేస్తుంది. దయచేసి ఆ ఇటుక తీసేయండి. తలుపు గట్టిగా పడుతోందంటే, పైనుండి దాన్ని మూసే క్లోజర్‌ను సరిచేయించాలి. స్క్రూడ్రైవరుతో అయిపోయే పని అది.

డక్టుల సంగతి ఇంకా సూక్ష్మం. కరెంటు డక్టులో ప్రతి అంతస్తు దగ్గరా శ్లాబుకు రంధ్రం చేసి కేబుళ్ళు పైకి తీసుకెళతారు. కేబుల్ చుట్టూ మిగిలిన సందును నిప్పును ఆపే పదార్థంతో నింపి మూసేయాలి. భవనం అప్పగించిన రోజున అది మూసే ఉండొచ్చు. ఆ తర్వాత ఇంటర్నెట్ కుర్రాడొకడు వచ్చి తన వైరు కోసం దాన్ని పొడుస్తాడు. మరో కంపెనీ నుంచి ఇంకొకడు వస్తాడు. సీసీ కెమెరాల వాళ్ళు వస్తారు. పొడిచినవాడెవడూ మూయడు. మీ సొసైటీ ఎలక్ట్రీషియన్ చేత డక్టు తలుపు తీయించి, దూరం నుంచే ఫోను టార్చి వేసి కిందికి చూడమనండి. కేబుళ్ళ పక్కనుంచి కింది అంతస్తు వెలుగు కనిపిస్తే, అక్కడినుంచి పొగ కూడా ఇటు వస్తుందని అర్థం. చూడడానికి గుప్పెడు సందే. ఇరవై అంతస్తుల్లో ఇరవై సందులు ఒకే వరసలో ఉంటే అదొక పొగ గొట్టం.

మంటలొస్తే ఫైరింజన్ వస్తుంది కదా అని ధైర్యంగా ఉంటాం. వస్తుంది, వాళ్ళు ప్రాణాలకు తెగించి పనిచేస్తారు. కానీ తెలంగాణ అగ్నిమాపక శాఖ వాడుతున్న బ్రాంటో స్కైలిఫ్ట్ అందుకునే ఎత్తు 54 మీటర్లు. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున వేసుకుంటే 18వ అంతస్తు. హైదరాబాద్ నగరంలో ఇప్పుడు 50 అంతస్తులు దాటిన నివాస భవనాలు లేచాయి. 18 తర్వాత ఉన్నవాళ్ళకు బయటినుంచి నిచ్చెన రాదు. దిగాలన్నా కోర్ లోంచే దిగాలి, కాపాడేవాళ్ళు ఎక్కాలన్నా కోర్ లోంచే ఎక్కాలి. వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక ఫైర్ లిఫ్టు ఉంటుంది, దానికి కరెంటు లైను కూడా వేరు. గొట్టం తగిలించుకోవడానికి ప్రతి అంతస్తులో నీటి పైపు ఉంటుంది. 24 మీటర్లు దాటిన భవనాల్లో దిగలేనివాళ్ళు ఆగి ఊపిరి పీల్చుకోవడానికి రెఫ్యూజ్ ఏరియా అని తెరిచిన జాగా ఒకటి వదలాలి. ఆ జాగాలో పాత సోఫాలు, ప్లాస్టిక్ కుర్చీల గుట్టలు కనిపిస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

రెండు మెట్ల దారులు ఉన్నాయా అన్నదే కాదు, వాటి మధ్య దూరం ఎంత అన్నది కూడా ముఖ్యమే. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో ఇది కళ్ళకు కట్టింది. ఒక్కో టవర్‌లో మూడేసి మెట్ల దారులు ఉండేవి. వాటి చుట్టూ ఉన్నవి కాంక్రీటు గోడలు కావు, జిప్సమ్ పలకలు. ఉత్తర టవర్‌లో మూడు దారులూ దగ్గర దగ్గరగా ఉండడంతో విమానం తాకిన చోట మూడూ ఒకేసారి తెగిపోయాయి. 92వ అంతస్తులోనూ ఆ పైనా ఉన్నవాళ్ళలో ఒక్కరూ బయటపడలేదు. దక్షిణ టవర్‌లో విమానం తాకిన చోట లిఫ్టుల యంత్రాలు అడ్డం రావడంతో మెట్లను అంతకుముందే దూరం దూరంగా జరిపి కట్టారు. ఆ దూరం వల్ల ఒక్క దారి మిగిలింది. విమానం తాకిన అంతస్తుల నుంచి, వాటి పైనుంచి ఆ దారిలో 18 మంది దిగి బతికారు. ఎవరూ రక్షణ కోసం ఆలోచించి జరిపిన మెట్లు కావవి. యంత్రాలకు చోటు కావాలని జరిపినవి.

లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న లేచిన మంటలకు 72 మంది బలయ్యారు. మంటలు పాకింది బయటి గోడకు తొడిగిన పలకల మీదుగా. కానీ 24 అంతస్తులకూ కలిపి దిగే మెట్లు ఒక్కటే. ఆ తర్వాత చాలా చర్చ నడిచి, 18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాలకు రెండో మెట్ల దారి తప్పనిసరి అని ఇంగ్లండ్‌లో నిబంధన తెచ్చారు. 2026 సెప్టెంబరు 30ని దానికి గడువుగా పెట్టారు.

18 మీటర్లు అనగానే నాకు మా కాలనీ గుర్తుకొస్తుంది. మన దగ్గర 2012లో వచ్చిన 168 నంబరు జీవో హైరైజ్ అని లెక్కపెట్టింది 18 మీటర్లు, ఆ పైన ఉన్నవాటినే. నివాస భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ అడిగింది కూడా 18 మీటర్ల దగ్గర్నుంచే. వెంగళరావు నగర్, యూసుఫ్‌గూడ, కల్యాణ్ నగర్, కృష్ణానగర్ వీధుల్లో ఇళ్ళు డెవలప్‌మెంటుకు ఇచ్చి కట్టించుకున్నవన్నీ చూడండి. కింద పార్కింగు, పైన అయిదంతస్తులు. లెక్క వేస్తే 18 మీటర్లకు కాస్త లోపలే ఆగుతుంది. రూలు ప్రకారం తప్పేమీ లేదు. అయితే ఆ భవనాల్లో కోర్ అంటే ఒక లిఫ్టు, దాని పక్కన ఒకే ఒక మెట్ల వరస. రెండోది ఉండదు. మెట్ల గదికి తలుపు ఉండదు. కింద పార్కింగులో మెట్లు మొదలయ్యే చోటే గోడకు కరెంటు మీటర్ల బోర్డు. పది ఫ్లాట్లుంటే పది మీటర్లు, వాటి వెనక చిక్కుపడిన వైర్లు. మీటర్లకు ఆనించి స్కూటర్లు. ఇప్పుడు వాటిలో కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లు, అక్కడే ప్లగ్గు పెట్టి రాత్రంతా చార్జింగు. మెట్ల కింద మిగిలిన మూలలో వాచ్‌మన్ కుటుంబం సామాను, ఒక గ్యాసు సిలిండరు.

నిప్పుకు కావలసినవన్నీ అక్కడున్నాయి, పైవాళ్ళందరూ దిగాల్సిన దారీ అక్కడే ఉంది. ఈ నగరంలో 40 అంతస్తుల టవర్ల కంటే ఈ అయిదంతస్తుల ఇళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. టవర్‌కు కనీసం రూలు ఉంది, తనిఖీ ఉంది, సైరన్ ఉంది. ఇక్కడున్నది మన జాగ్రత్త ఒక్కటే. షూటింగు ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి పడుకునే సినిమా పనివాళ్ళు, హాస్టళ్ళలో ఉండి కోచింగుకు వెళ్ళే పిల్లలు, పిల్లలు అమెరికాలో ఉండగా ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళు, వీళ్ళంతా ఆ ఒక్క మెట్ల వరసను నమ్ముకుని నిద్రపోతున్నారు.

లిఫ్టు గురించి కూడా ఒక మాట. మన పాత అపార్ట్‌మెంట్లలో ఉండేది ఎక్కువగా ఆరుగురి లిఫ్టు. మనిషికి 68 కిలోల లెక్కన 408 కిలోలు. దాని లోపలి కొలత అటూ ఇటూ సుమారు ఒక మీటరు. స్ట్రెచరు పొడవు రెండు మీటర్ల దగ్గర ఉంటుంది. గుండెనొప్పి వచ్చిన మనిషిని నాలుగో అంతస్తు నుంచి కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టుకుని మెట్ల మీదుగా దించడం మనలో చాలామంది చూశాం. ఆ మలుపులో చెప్పుల స్టాండు అడ్డం ఉంటే ఎంత అవస్థో కూడా చూశాం. పెద్ద టవర్లలో స్ట్రెచరు పట్టే లిఫ్టు పెడుతున్నారు, సర్వీస్ లిఫ్టు అంటారు దాన్ని. ఆ లిఫ్టు ఉన్నది సామానుకు, రోగికి, అవసరానికి. కానీ కొన్నిచోట్ల దాన్ని పనివాళ్ళ లిఫ్టుగా మార్చి, ఇంట్లో పనిచేసే అమ్మాయి, భోజనం తెచ్చిన కుర్రాడు మామూలు లిఫ్టు ఎక్కితే జరిమానా అని బోర్డులు పెట్టారు. మనం తినే అన్నం వండే చేతులు మన పక్కన నిలబడకూడదా? కోర్‌లో లిఫ్టులను విడదీసింది బరువునూ పరిమాణాన్నీ బట్టి. మనుషుల్లో ఎక్కువ తక్కువలు చూపడానికి కాదు. అలాంటి బోర్డు మీ దగ్గర ఉంటే తీయించండి.

పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ దగ్గర శాంతినగర్‌లో ఆరేళ్ళ బాబు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుని, ఆస్పత్రిలో ప్రాణం వదిలాడు. పిల్లల్ని ఒంటరిగా లిఫ్టు ఎక్కనివ్వకండి. మీ లిఫ్టుకు ఇంకా జాలీ తలుపులే ఉంటే మార్పించే మాట వచ్చే మీటింగులోనే ఎత్తండి.

ఇక మనవాళ్ళు కోర్ గురించి గట్టిగా పట్టించుకునే సందర్భం ఒకటుంది. అది వాస్తు. ఈశాన్యంలో బరువు ఉండకూడదంటారు, నైరుతిలో గొయ్యి ఉండకూడదంటారు. లిఫ్టుకేమో కింద గుంట, పైన యంత్రాల బరువు, రెండూ ఉంటాయి. దాంతో ఏ మూలన పెట్టినా ఒక అభ్యంతరం వస్తుంది. చాలా ఇళ్ళలో మెట్లు దక్షిణానికో పడమరకో చేరతాయి. అలాగే తూర్పు ముఖం ఫ్లాటు కావాలని అందరూ అడుగుతారు. భవనం నడుమ ఉత్తర దక్షిణాలుగా నడవా వేస్తే, దానికి పడమటి వైపున్న ఫ్లాట్ల ద్వారాలు తూర్పుకు తెరుచుకుంటాయి. తూర్పు వైపు ఫ్లాట్లకు పడమర ద్వారం. దక్షిణ ద్వారం ఎవరికీ వద్దు. అందుకని మన నగరంలో ఎన్నో టవర్లలో కోర్ ఆకారాన్ని, నడవా పొడవును నిర్ణయించేది ఈ ద్వారాల కోరికే.

వాస్తును నమ్మేవారితో నాకు తగువు లేదు. మెట్లూ లిఫ్టూ పడమటి వైపుకు చేరితే మన ఎండలకు అది మంచిదే కూడా. మలేషియాలో కెన్ యాంగ్ అనే ఆర్కిటెక్టు 1992లో కౌలాలంపూర్ పక్కన మెనారా మెసీనియాగా అనే 15 అంతస్తుల భవనం కట్టారు. ఎండ ఎక్కువ పడే తూర్పు వైపు కోర్‌ను నిలబెట్టి, ఆఫీసు గదులకు దాన్ని అడ్డుగా వాడుకున్నారు. కోర్ భవనం అంచుకు రావడంతో మెట్లకూ లాబీలకూ టాయిలెట్లకూ కిటికీలు వచ్చాయి, వెలుతురూ గాలీ వాటంతట అవే వచ్చాయి. హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగు గంటలకు పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది ఆ ఆలోచన విలువ. నడుమ చీకట్లో దాచిన కోర్‌కు పగలంతా లైట్లు కావాలి, ఫ్యాన్లు కావాలి. అంచుకు వచ్చిన కోర్‌కు కిటికీ చాలు. మన బిల్డర్లు అంచును అమ్మకానికి దాచుకుంటారు, ఎందుకంటే బాల్కనీకి ధర ఉంది, మెట్లకు లేదు.

ధర దగ్గరికే వద్దాం. 2006లో 86 నంబరు జీవో వచ్చి, స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఇంతే కట్టాలన్న హద్దు తీసేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగాలను బట్టి ఎత్తుకు వెళ్ళొచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాళ్ళు ప్రతి చదరపు అడుగునూ అమ్ముకోవాలనే చూస్తారు. ఆ ఒత్తిడి మొదట పడేది కోర్ మీదే. మెట్లు ఇరుకవుతాయి, లాబీ కుదించుకుపోతుంది, నాలుగు లిఫ్టులు ఉండాల్సిన చోట మూడుతో సరిపెడతారు. కొనేవాళ్ళు కూడా ఇందుకు సాయం చేస్తున్నారు. కామన్ ఏరియాకు నేనెందుకు డబ్బు కట్టాలి, ఆ వాటా, అంటే లోడింగ్, తక్కువ ఉన్నది చూపించు అని అడుగుతాం. 2016 రెరా చట్టం వచ్చాక కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే జాగా, ఏమిటో స్పష్టంగా రాశారు, డక్టుల కింద పోయే జాగా అందులో రాదు. ఈ లెక్క తేటగా తెలియడం కొనేవారికి మేలే. కానీ క్లబ్‌హౌస్ ఖర్చును ప్రశ్నించినట్టు మెట్ల వెడల్పును ప్రశ్నించకండి. మీరు కట్టే డబ్బులో మీ పిల్లల ప్రాణానికి నేరుగా ఖర్చయ్యేది అదొక్కటే.

కొత్త ఫ్లాటు చూడబోయేవారికి నా మనవి. బ్రోచరులో మీ ఇంటి ప్లాను ఒక్కటే కాకుండా అంతస్తు మొత్తం ప్లాను చూపించమనండి. మెట్లు రెండున్నాయా, వాటి మధ్య దూరమెంత, ఒకదాని ముందు పొగ నిండితే రెండోదానికి చేరే దారి ఉందా అని వేలు పెట్టి అడగండి. అంతస్తుకు ఎన్ని ఫ్లాట్లు, వాటికి ఎన్ని లిఫ్టులు, స్ట్రెచరు పట్టేది ఉందా అని అడగండి. సమాధానం చెప్పడానికి తడబడే చోట అడ్వాన్సు ఇవ్వకండి.

ఇప్పటికే అపార్ట్‌మెంట్లో ఉన్నవారు ఈ ఆదివారం లిఫ్టు ఎక్కకుండా పై అంతస్తు నుంచి కిందిదాకా మెట్ల మీదుగా దిగండి, ఇంట్లో అందరినీ వెంటబెట్టుకుని. దారిలో చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్ళు, నడవాకు అడ్డంగా వేసిన గ్రిల్ గేట్లు ఏమున్నాయో చూడండి. టెర్రస్ తలుపుకు తాళం ఉంటే, లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టించండి. కింద మెట్ల దగ్గరున్న స్కూటర్ల చార్జింగును దూరపు గోడకు మార్పించండి. మీటర్ల బోర్డును ఏటా ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మీ అసోసియేషన్ తరువాతి మీటింగు ఎజెండాలో పెయింటింగు కంటే ముందు ఈ నాలుగూ రాయించండి.